పఠనాలయం నుండి దళం దాకా: తెలంగాణ యువతరం నాయకత్వంపై కొన్ని ఆలోచనలు

'యువతరానికి నాయకత్వం అప్పగించాలి' అన్న మాట ఈ మధ్య ప్రతి సభలోనూ వినిపిస్తోంది. అన్ని పార్టీల వాళ్ళూ అంటున్నారు, సాహిత్య సంస్థల వాళ్ళూ అంటున్నారు. నాకు ఆ వాక్యంలో క్రియాపదం దగ్గరే పేచీ ఉంది. అప్పగించడం అంటే అప్పగించేవాడు ఒకడుండాలి. తాళపుచెవి వాడి మొలతాడుకే ఉండాలి. ఎప్పుడివ్వాలో, ఎవరికివ్వాలో వాడే తేల్చాలి. చరిత్రలో నాయకత్వం నిజంగా ఇలాగే చేతులు మారిందా? తెలంగాణలో 1901 నుండి 1951 దాకా సాగిన సాంస్కృతిక, రాజకీయోద్యమాలను ఆధారం చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా వయసుల సంగతి. పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను తరచు ఒక పని చేయిస్తాను. పాఠంలో కవి పరిచయం ఉంటుంది, పుట్టిన సంవత్సరం ఉంటుంది, చేసిన పనుల సంవత్సరాలూ ఉంటాయి. రెండింటినీ తీసివేసి ఆ మనిషి వయసు కట్టమంటాను. గోలకొండ పత్రిక మొదలైంది 1926 మేలో, సురవరం ప్రతాపరెడ్డి పుట్టింది 1896 మే నెలాఖరులో. లెక్క ఇరవై తొమ్మిది అని తేలగానే పిల్లలు పుస్తకంలో బొమ్మవైపు అనుమానంగా చూస్తారు. ఆ బొమ్మలో తలపాగా, కోటు, గంభీరమైన ముఖం ఉన్నాయి. మన చరిత్ర రచన అందరినీ చివరి వయసు ఫోటోలోనే నిలబెట్టింది. పుట్టుకతోనే పెద్దలైనవాళ్ళు ఉద్యమాలు నడిపారన్న భ్రమ దీనివల్ల కలుగుతుంది. ఇది అమాయకమైన పొరపాటని నేననుకోను. ఎదిరించిన కుర్రవాణ్ణి పూజ్యుడైన పెద్దమనిషిగా మార్చుకుంటేగాని అధికారంలో ఉన్నవాళ్ళకు అతని జయంతి జరపడం సుఖంగా ఉండదు.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. రావిచెట్టు రంగారావు ఇంట్లో అది ఆరంభమైంది. మునగాల రాజా నాయని వేంకట రంగారావు అండగా నిలిచారు. వెనుక నిలిచి పథకం వేసిన కొమర్రాజు లక్ష్మణరావుకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. రంగారావుదీ ఇంచుమించు అదే వయసు, ఆయన నడివయసు చూడకుండానే 1910లో వెళ్ళిపోయారు. రాజ్యంలో పాలన భాష ఉర్దూ, తెలుగు చదివితే ఉద్యోగం రాదు, తెలుగు బడి పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. అలాంటి చోట ఒక గది, కొన్ని పుస్తకాలు, పత్రికలు పరచిన ఒక బల్ల ఎంత పని చేస్తాయో ఈనాడు ఊహించడం కష్టం. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడి చరిత్రనూ శాస్త్రాన్నీ తెలుగులో అచ్చువేసే పని మొదలుపెట్టింది. ఆ మండలి స్థాపకుల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు మరుసటి ఏడే రాజమండ్రి ట్రెయినింగు కళాశాలలో వందేమాతరం ఉద్యమానికి ముందు నిలిచి కళాశాల నుండి వెళ్ళగొట్టబడ్డారు. 1908లో 'స్వరాజ్య' పత్రికలో రాసినదానికి మూడేళ్ళు జైలు అనుభవించారు. పుస్తకాల గదికీ జైలు గదికీ మధ్య దూరం అప్పట్లో అంతే.

ఇంతవరకూ చెప్పిన పేర్లు సాహిత్య విద్యార్థులకు తెలిసినవే. అయితే అదే 1906లో అదే హైదరాబాదులో మరో పని మొదలైంది, దాన్ని మన గ్రంథాలయోద్యమ చరిత్రలు పక్క అధ్యాయంలో పడేశాయి. మాల కుటుంబంలో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ తన పద్దెనిమిదో ఏట జగన్మిత్ర మండలి స్థాపించాడు. ఆయనకు రాజా అండ లేదు, పుస్తకాలతో మొదలుపెట్టడానికి వాడలో చదువు లేదు. అందుకని హరికథను చేతికి తీసుకున్నాడు. దేవాలయ మండపంలోకి రానివ్వని జనానికి, ఆ మండపంలో పుట్టి పెరిగిన కళారూపం ద్వారానే తాగుడు గురించీ, జోగినీ ఆచారం గురించీ, చదువు గురించీ చెప్పించాడు. 1910 నుండి బడులు పెట్టాడు. 1911లో అదే మన్యసంఘమైంది. 1917లో విజయవాడలో జరిగిన మహాసభకు అధ్యక్షుడై, 'పంచమ' అన్న పేరును తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అన్న పేరును నిలబెట్టినప్పుడు ఆయన వయసు ఇరవై తొమ్మిది. పేరు మార్చడం చిన్న పని కాదు. తన్ను ఏమని పిలవాలో తానే చెప్పగలిగినవాడే రేపు తనకేం కావాలో చెప్పగలడు. అభ్యుదయ సాహిత్య రూపాల గురించి మనం చాలా చర్చించాం గాని, ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు హరికథను ఎలా తిరగేసి వాడుకున్నాడన్నది ఇంకా ఎవరైనా సరిగ్గా రాయవలసే ఉంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. యువకులు ఒక వర్గం కాదు. యవ్వనం కూడా ఆనాటి సమాజంలో ఒక ఆస్తే. దొరగారి అబ్బాయికి పట్నంలో చదువుకునే నాలుగైదేళ్ళు దొరికాయి. అవే అతని యవ్వనం. అదే ఊళ్ళో తండ్రి చేసిన అప్పుకింద జీతం కుదిరిన పిల్లవాడికి బాల్యం నుండి నేరుగా నాగలి. వాడికి మధ్యలో ఆలోచించుకునే తెరిపి ఎవరూ ఇవ్వలేదు. 'యువశక్తి' అని మనం ఒకే మాటతో పిలిచేదానిలో ఇంత ఎడం ఉంది.

ఇక 1921 నవంబరు నాటి సంఘటన. ఇది చాలా పుస్తకాల్లో ఉన్నదే అయినా ఇక్కడ కొంచెం ఆగాలి. హైదరాబాదు వివేకవర్ధినిలో నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ మహాసభ జరిగింది. అధ్యక్షులు స్త్రీవిద్యకు జీవితం ధారపోసిన మహర్షి కర్వే. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభికులు గోలచేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. గమనించండి, ఇది ఛాందసుల సభ కాదు, సంస్కర్తల సభ. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషను అవమానించినవాళ్ళు నిజాం కొత్వాళ్ళు కాదు, వితంతు వివాహాన్ని సమర్థించే విద్యావంతులు. ప్రగతిశీలత ఒక విషయంలో ఉంటే అన్ని విషయాల్లోనూ ఉన్నట్టేనని నమ్మేవాళ్ళు ఈ సభను గుర్తుపెట్టుకోవాలి. మన సంఘాలకూ ఇది వర్తిస్తుంది.

ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది సమావేశమై ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో మందుముల నరసింగరావుకు ఇరవై అయిదేళ్ళు, ఆదిరాజు వీరభద్రరావుకు ముప్ఫై. కార్యభారం మోసిన మాడపాటి హనుమంతరావుకు ముప్ఫై ఆరు, అంటే ఆ గుంపులో పెద్దవాడు! అవమానం జరిగినచోటే మళ్ళీ లేచి మాట్లాడటానికి అనుమతి అడగకుండా, వాళ్ళు తమ సభను తామే ఏర్పాటు చేసుకున్నారు. నా దృష్టిలో ఈ చరిత్రలో కీలకం ఇక్కడే ఉంది.

తర్వాత వాళ్ళు చేసిన పని చూడండి, ఉపన్యాసాలు చాలా తక్కువ. బహిరంగ సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 నెత్తిమీద ఉండనే ఉంది. కనుక ఊరూరా గ్రంథాలయం పెట్టించడం, తాళపత్రాలూ శాసనాలూ సేకరించడం, వెట్టిచాకిరి మీదా వర్తక స్వాతంత్ర్యం మీదా చిన్న పుస్తకాలు వేయడం చేశారు. ఈ చిన్న పుస్తకాల విలువ మనం సరిగ్గా కట్టలేదు. సర్కారే ఎన్నడో వెలువరించి అటకెక్కించిన ఉత్తర్వులను వెతికి తీసి, తెలుగులో పెట్టి, 'నీచేత ఈ పని ఉచితంగా చేయించుకునే హక్కు అధికారికి లేదు' అని కోమటికీ, కుమ్మరికీ, చాకలికీ తెలియజెప్పడం వాటి ప్రయోజనం. వాటిలో కవిత్వం లేదు, ఆవేశం లేదు. గ్రామంలో అక్షరం వచ్చిన పాతికేళ్ళ కుర్రవాడు ఆ పుస్తకం చదివి వినిపించగానే వాడు ఆ ఊళ్ళో అవసరమైన మనిషయ్యాడు. దరఖాస్తు రాయాలంటే వాడు కావాలి. తాసీల్దారు ముందు నిలబడాలంటే వాడు తోడు రావాలి. నాయకత్వం అనే పెద్ద మాట వెనుక ఉన్న పని ఇదే. ఊరికి పనికొచ్చే ఏదో ఒకటి చేతిలో ఉండటం, దానికి జవాబు చెప్పుకోవలసి రావడం. పఠనాలయం తాళం తీయడం, చందాలు వసూలు చేయడం, పుస్తకం తిరిగి తేనివాడి ఇంటికి వెళ్ళి అడగడం, పోలీసు అమీను వచ్చి పత్రికలు చూపమంటే ఏం చెప్పాలో తేల్చుకోవడం, ఇవన్నీ రాజకీయ శిక్షణే.

(మా బడిలో గ్రంథాలయం అంటే ఒక ఇనుప బీరువా. పుస్తకాలు పోతాయన్న భయంతో దానికి తాళం వేసి ఉంచుతారు. పిల్లలకు బాధ్యత లేదని ఉపాధ్యాయుల గదిలో ఫిర్యాదు చేసేదీ మేమే.)

1918లో రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో వెలసిన రెడ్డి హాస్టలు పాత్ర కూడా ఇలాంటిదే. ఆయన నగర కొత్వాలు, అంటే ప్రభువుకు అత్యంత విశ్వాసపాత్రుడైన పోలీసు అధికారి. ఆయన కట్టించిన వసతిగృహంలో చదువుకున్న రావి నారాయణరెడ్డి 1930లో కాకినాడ వెళ్ళి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నాడు. కులం పేరుతో ఏర్పడిన సంస్థలు, రాజభక్తి నీడలో పెరిగిన సంస్థలు కూడా తమ ఉద్దేశాలకు విరుద్ధమైన మనుషులను తయారుచేయగలవు. చరిత్ర గతి సంస్థాపకుల సంకల్పాన్ని బట్టి నడవదు. అయితే ఆ హాస్టలు తలుపులు ఎవరికి తెరిచి ఉండేవి, ఎవరికి లేవు అన్నది మరిచిపోయి దాన్ని కీర్తించడం మాత్రం మనకు తగదు.

1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ సురవరం అధ్యక్షతన జరిగింది. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. 1934లో, తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా సురవరం 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఇవి సుపరిచితాలు కనుక విస్తరించను.

విస్తరించవలసింది వట్టికోట ఆళ్వారుస్వామి గురించి. 1915లో పుట్టి, చిన్ననాడే ఆసరా కోల్పోయి, ఇతరుల ఇళ్ళలో వంటచేసి, హోటల్లో పనిచేసి చదువు నేర్చుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళు నిండాయో లేదో. ప్రచురించిన పుస్తకాలను తానే మోసుకెళ్ళి ఊరూరా అమ్మేవాడు. కొమర్రాజుకూ ఆళ్వారుస్వామికీ మధ్య గడిచిన ముప్ఫై ఏడేళ్ళలో జరిగిన మార్పు ఇదే: పుస్తకాల గదిని దివాను పెట్టిన కాలం పోయి, వంటవాడు పుస్తకాలు వేసే కాలం వచ్చింది. ఆయన నవల 'ప్రజల మనిషి' ఆ తర్వాత వెలువడింది. కథానాయకుడు కంఠీరవంలో మనకు కనిపించే గుణం వీరత్వం కాదు, ఓపిక. విమర్శకులు కొందరు ఆ పాత్రలో నాటకీయత చాలదన్నారు. నాకు అదే ఆ నవల బలమనిపిస్తుంది. పల్లెలో చైతన్యం ఎలా కూడుతుందో లోపలినుండి చూసినవాడు రాసిన నవల అది. నాయకుడు ఉపన్యాసంతో పుట్టడని ఆళ్వారుస్వామికి తెలుసు. నిజామాబాదు జైల్లో ఆయనతో కలిసి ఉన్న దాశరథికి అప్పటికి పాతికేళ్ళు లేవు. బొగ్గుముక్కతో జైలు గోడమీద పద్యాలు రాసిన సంగతి అందరికీ తెలుసు, రాసినవాడి వయసే చాలామందికి గుర్తుండదు.

1938 నవంబరు చివర ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో వందేమాతరం పాడటాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు, వందలాదిమందిని బహిష్కరించారు. వాళ్ళలో చాలామందిని నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వరంగల్లులో చదువుతున్న పదిహేడేళ్ళ పి.వి. నరసింహారావు అలా వెళ్ళినవాళ్ళలో ఒకరు. నల్లగొండలో కమ్యూనిస్టు ఉద్యమ నిర్మాతగా పేరుపొందిన దేవులపల్లి వెంకటేశ్వరరావు కూడా ఆ సమ్మెలో నుండి వచ్చినవాడే. ఒకే సమ్మె ఒకరిని ప్రధానమంత్రి పదవి దాకా నడిపింది, మరొకరిని అజ్ఞాతవాసానికి నడిపింది. విద్యార్థి దశలోని తిరుగుబాటు తనంతట తాను ఏ దిక్కూ చూపించదు, ఆ తర్వాత ఏ ప్రజల మధ్య పనిచేశారన్నదే దిక్కును నిర్ణయిస్తుంది.

ఈ సమ్మెకున్న పరిమితిని కూడా చెప్పాలి. ఆ గీతం చుట్టూ కదిలిన ఉద్యమం ఉర్దూ మాట్లాడే ముస్లిం విద్యార్థిని తనలో కలుపుకోలేకపోయింది. నిరంకుశత్వాన్ని ఎదిరించిన చర్య అయినప్పటికీ అది మతాల గీత దాటలేదు. ఆ గీత దాటిన ఘనత ఆ తర్వాత కొద్దికాలానికే ఏర్పడిన కామ్రేడ్స్ అసోసియేషన్‌ది. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే కవి మఖ్దూం మొహియుద్దీన్, ఇరవైల్లో ఉన్న రాజబహదూర్ గౌర్ వంటివాళ్ళు కార్మికుల దగ్గరికి వెళ్ళారు. మఖ్దూం 1941లో ఉద్యోగం వదులుకున్నాడు. తెలుగు విమర్శలో మఖ్దూంకు ఇవ్వవలసినంత చోటు మనం ఇవ్వలేదు. ఉర్దూ అంటే నిజాం భాష అన్న అపోహ మనలో పూర్తిగా పోలేదేమో!

1941లో చిలుకూరు మహాసభకు అధ్యక్షుడైనప్పుడు రావి నారాయణరెడ్డికి ముప్ఫై మూడేళ్ళు. 1944 భువనగిరి సభ నాటికి మితవాదులు విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆ చీలికను వయసు తేడాగా చూడటం పొరపాటు. కౌలుదారు, జీతగాడు సభలోకి వస్తే సభ ఎవరిదవుతుందన్నదే అసలు ప్రశ్న. వాళ్ళు వచ్చారు. మహాసభ 'సంగం' అయింది. పల్లెజనం తమ నోటికి అనువుగా మార్చుకున్న ఆ మాటలోనే యాజమాన్యం మారిన జాడ ఉంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో నేలకొరిగిన దొడ్డి కొమరయ్యకు ఇరవై ఏళ్ళు నిండలేదు. గొర్రెలు కాసుకునే కుటుంబం. నేను పైన చెప్పిన తెరిపి ఎన్నడూ దొరకని యవ్వనం అది.

మల్లు స్వరాజ్యం 1931లో పుట్టింది. పుట్టింది భూస్వామి కుటుంబంలో. ఆంధ్రమహాసభ పిలుపు విని, చిన్న ప్రాయంలోనే సొంత ఇంటి ధాన్యాన్నే కూలీలకు పంచింది. ఆమె ఉయ్యాల పాటల బాణీలో వెట్టి గురించి పాడితే వాడల్లో ఆడవాళ్ళు గుమిగూడేవాళ్ళు. భాగ్యరెడ్డి వర్మ హరికథతో చేసిన పనే ఇది, ఈసారి ఆడవాళ్ళ పాటతో. తర్వాత తుపాకీ పట్టి దళంలో నడిచింది, దళాన్ని నడిపింది. అప్పటికామెకు ఓటు వేసే వయసు లేదు. స్వతంత్ర భారతంలో ఓటుకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలన్నారు. దాన్ని పద్దెనిమిదికి తగ్గించడానికి 61వ రాజ్యాంగ సవరణ, 1989 దాకా ఆగవలసి వచ్చింది. ఈనాటికీ పద్దెనిమిదేళ్ళవాడు ఓటేయవచ్చు, పంచాయతీకి నిలబడటానికి ఇరవై ఒకటి, శాసనసభకు ఇరవై అయిదు నిండాలి. మన రెండు రాష్ట్రాల కళాశాలల్లో, కొన్ని విశ్వవిద్యాలయాలు మినహాయిస్తే, విద్యార్థి సంఘాలకు ఎన్నికలు జరగక దశాబ్దాలైంది. యువతకు నాయకత్వం అప్పగించాలనే సభల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. కాని విరమణ తర్వాత ఏమైందన్నది మాత్రం మన ప్రశ్నకు సంబంధించినదే. మగవాళ్ళలో చాలామందికి పార్టీ పని ఉంది, 1952 ఎన్నికలు ఉన్నాయి, శాసనసభ ఉంది. దళాల్లో తిరిగిన ఆడపిల్లలకు 'ఇక ఇంటికి వెళ్ళండి' అన్న మాట వినిపించింది. ఈ సంగతి ముప్ఫై ఏళ్ళకు పైగా మన చరిత్రల్లో లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ఆ స్త్రీల మాటలను వాళ్ళ నోటనే చెప్పించి 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. దాసీ కుటుంబంలో పుట్టిన కమలమ్మ అడవిలో కన్నబిడ్డను పరాయి చేతుల్లో పెట్టి దళంతో సాగిపోయిన కథ అందులో ఉంది. ఆ పుస్తకాన్ని స్త్రీల అనుభవాల సంకలనమని ఒక మూలన పెట్టినవాళ్ళున్నారు. నాయకత్వం గురించి తెలుగులో వచ్చిన అత్యంత కఠినమైన రాజకీయ విమర్శగా దాన్ని చదవాలని నేను అంటాను. ఎందుకంటే ఆ స్త్రీలు తమకు నాయకత్వం ఎవరో ఇచ్చారని ఎక్కడా చెప్పలేదు. వాళ్ళు తీసుకున్నారు. వెనక్కి లాక్కున్నది మాత్రం నిన్నటిదాకా తమతో అడవిలో నడిచినవాళ్ళే, వాళ్ళూ యువకులే.

మల్లు స్వరాజ్యం 1978లో తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికైంది. దళం వదిలిన ఇరవై ఏడేళ్ళకు, నలభై ఏడో ఏట.